మెర్లిన్: పిట్ట కూతకు పేరు చెప్పే యాప్

మా ఇంటి ఎదుట వేపచెట్టు మీద నుంచి వేసవి పొడుగునా ఒకే లయలో వినిపించే 'టుక్కు టుక్కు' శబ్దాన్ని నేను ఇన్నేళ్లూ పక్కవీధిలో ఎవరో రేకు కొడుతున్న చప్పుడనే అనుకున్నాను. మెర్లిన్ యాప్‌ను మొదటిసారి తెరిచిన ఉదయం అది తెరపై చూపిన పేరు కాపర్‌స్మిత్ బార్బెట్, అంటే మన కంసాలి పిట్ట. ఆ పేరు పెట్టిన మన పెద్దలు చెవితోనే గుర్తుపట్టిన సంగతిని నాకు ఫోను చెప్పవలసి రావడం కొంత సిగ్గుగానే ఉంది.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన పక్షిశాస్త్ర కేంద్రం 2014లో విడుదల చేసిన ఈ యాప్ పూర్తిగా ఉచితం. కూతను విని పక్షిని గుర్తించే సౌకర్యం 2021లో వచ్చింది. ఫోను మైకు అందుకున్న ధ్వనిని యాప్ ఒక బొమ్మగా మారుస్తుంది: అడ్డంగా కాలం, నిలువుగా స్వరం హెచ్చుతగ్గుల స్థాయి. ఆ బొమ్మలోని గీతల తీరును, వేలాది పాత రికార్డింగులతో శిక్షణ పొందిన కంప్యూటరు నమూనా పోల్చి చూస్తుంది. ఈ పనంతా ఫోనులోనే జరుగుతుంది కనుక, మన ప్రాంతపు పక్షుల సమాచారాన్ని ముందే దించుకుంటే సిగ్నలు లేని అడవిలోనూ ఇబ్బంది ఉండదు. అయితే అది కొన్ని వందల మెగాబైట్లు ఉంటుంది కాబట్టి వైఫై ఉన్నచోటే దించుకోవడం మేలు.

నాకు అన్నిటికన్నా నచ్చినది, జాబితాలో ఉన్న పక్షి మళ్లీ కూసినప్పుడల్లా దాని పేరు వెలిగే ఏర్పాటు. హైదరాబాద్ దగ్గరి అమీన్‌పూర్ చెరువు గట్టు మీద, ఒకేసారి అయిదారు గొంతులు కలిసిపోయిన గందరగోళంలో, పికిలి పిట్ట ఏదో, కుట్టుపిట్ట ఏదో విడదీసి వినడం నాకు అలాగే అలవడింది. మూడు వారాల తర్వాత ఈ రెండింటికీ ఫోను అవసరం లేకపోయింది. చెవి ఎంత పనికొస్తుందో తెలియాలంటే కలివి కోడిని తలచుకోవాలి: 1900 తర్వాత జాడ లేకుండా పోయి, 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికిన ఈ పక్షి రాత్రిపూట పొదల మధ్య తిరుగుతుంది కాబట్టి, అది ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి మునిమాపు వేళ వినిపించే దాని కూతే పరిశోధకులకు ముఖ్యమైన ఆధారాలలో ఒకటి.

అయితే యాప్ చెప్పినదే సాక్ష్యమనుకోకూడదు. ఒకరోజు శిక్రా అనే చిన్న డేగ పేరు కనిపించగానే, ఆనందం పట్టలేక, కళ్లతో చూడకుండానే ఈబర్డ్‌లో, అంటే చూసిన పక్షులను ఎవరైనా రాసిపెట్టే ఆన్‌లైన్ జాబితాలో, నమోదు చేశాను. చెట్టు చుట్టూ తిరిగి చూస్తే కొమ్మ చివర చీలిన తోకతో ఏట్రింత అనే నల్ల పిట్ట ఒక్కటే కూర్చుని ఉంది. డేగ కూతను అనుకరించి గోరింకలను బెదరగొట్టే విద్య ఏట్రింతకు తెలుసు. ఆ మాయలో యంత్రం పడితే ఆశ్చర్యం లేదు కానీ, చూడకుండా రాసిన తొందర నాదే. ఆ నమోదును అప్పుడే తీసేశాను. శాస్త్రవేత్తలు వాడుకునే సమాచారంలో మన ఉత్సాహం కలిస్తే కల్తీయే అవుతుంది.

కూత వినిపించనప్పుడు ప్రశ్నల దారి ఉంది: ఎక్కడ, ఎప్పుడు, ఎంత పరిమాణం, ఏ రంగులు, ఏం చేస్తోంది. పరిమాణానికి పిచ్చుకతో, కాకితో పాటు రాబిన్‌ను కూడా కొలతగా పెట్టారు. అది అమెరికా రాబిన్. మనవాళ్లు ఆ చోట గోరింకను ఊహించుకుంటే సరిపోతుంది. ఫొటో చూసి గుర్తించే సౌకర్యం సరే, బాగానే ఉంది.

చూసిన పక్షుల లెక్క పెరుగుతున్నకొద్దీ ఇది క్రికెట్ స్కోరులా మారే ప్రమాదం కూడా ఉంది. నా లెక్క 90 దాటిన దగ్గర నుంచి వంద కొట్టాలనే ఆత్రం మొదలై, రోజూ కనిపించే గోరింకల వైపు తల తిప్పడం మానేశాను; ఇది గమనించి నాకే నవ్వొచ్చింది. ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే పెరటి పక్షుల లెక్కింపులో మాత్రం ఆ గోరింకలకే ఎక్కువ విలువ, ఎందుకంటే అక్కడ కావలసింది మామూలు పక్షులు ఎన్ని ఉన్నాయన్న సంఖ్య.

ఇంకొక జాగ్రత్త. యాప్‌లో ప్రతి పక్షి కూతా వినవచ్చు కదా అని చెట్టు కింద నిలబడి బిగ్గరగా మోగించకండి. తన ప్రాంతంలోకి మరో పక్షి చొరబడిందనుకుని అది గూడు వదిలి వస్తుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఇంట్లోనే వినండి. తెల్లవారుజామున ఆరు లోపు గట్టు మీదికి చేరితే, మోగించవలసిన అవసరమే ఉండదు.