జేఎన్టీయూ అనంతపురం విద్యార్థికి: క్యాసియో ఎఫ్ఎక్స్-991 ఈఎస్ ప్లస్

ఇంజనీరింగ్‌కు సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ కొనేటట్లయితే ఇదే కొనండి. భిన్నాలు, వర్గమూలాలు పుస్తకంలో ఉన్నట్టే కనిపిస్తాయి. దశాంశం కావాలంటే ఎస్-డి బటన్ చాలు. మోడ్ 5లో మూడు తెలియని రాశులున్న సమీకరణాలు, ఘన సమీకరణాలు తేలుతాయి. మోడ్ 6లో 3×3 మాత్రికలు చేసుకోవచ్చు, 4×4 కుదరదు.

ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది డిగ్రీ, రేడియన్ల దగ్గర. 0 నుంచి π వరకు సైన్ ఎక్స్ సమాకలనం 2 రావాలి. తెర మీద 'డి' (డిగ్రీ) ఉంటే 0.086 వస్తుంది! షిఫ్ట్, మోడ్, 4 నొక్కితే రేడియన్, 3 నొక్కితే డిగ్రీ. స్నేహితుడి దగ్గర అడిగి తీసుకున్నదైతే ముందు షిఫ్ట్, 9, 3, =, ఏసీ నొక్కండి, పాత సెట్టింగులన్నీ పోతాయి.

సమాకలనానికి కొన్ని సెకన్లు పడుతుంది, చెడిపోయిందనుకోవద్దు. మోడ్ మారిస్తే పాత లెక్కలు చెరిగిపోతాయి, జవాబు ముందే రాసుకోండి. సోలార్‌తో పాటు ఎల్ఆర్44 బ్యాటరీ ఒకటి ఉంటుంది. అంగడి పద్దులకు మాత్రం ఇది వద్దు. జీటీ (అన్ని మొత్తాలనూ కలిపి చూపే) బటన్ ఉన్న 12 అంకెల బల్ల క్యాలిక్యులేటరే మేలు.