కర్టెన్ వెనక గోడ

హనోయ్‌లో మేం దిగిన హోటల్ గదిలో కర్టెన్ చాలా బాగుంది. ముదురు ఆకుపచ్చ రంగు, కింద కుచ్చులు, పక్కకు కట్టుకోడానికి బంగారు రంగు తాడు. రాత్రి పదకొండింటికి గదిలో అడుగు పెట్టగానే మా అక్క ఊరు చూద్దామని ఆ కర్టెన్ లాగింది. వెనక గోడ ఉంది. తెల్లగా సున్నం వేసిన మామూలు గోడ. ఎక్కడైనా తెరుచుకుంటుందేమో అన్నట్టు అక్క దాన్ని రెండుసార్లు తట్టి చూసి, "ఏమే, మూడు నెలల ముందు బుక్ చేసింది దీనికోసమా?" అంది.

మేం వియత్నాంలో రెండు చోట్ల ఉన్నాం. ఒకటి ఫిబ్రవరిలో చిక్కడపల్లిలో మా అక్క డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని బుక్ చేసింది. రెండోది వాన పడుతుంటే ఒక ఇంటి చూరు కిందికి పరిగెత్తి, అరగంట తర్వాత అద్దెకు తీసుకుంది. రెండింటి పేర్లూ రాయడం లేదు. మొదటిదాని మీద నాకు కోపం ఉంది, కానీ అక్కడ రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి మీద లేదు. రెండోదానికి ఉన్నవే ఐదు గదులు, అందులో నాకు నచ్చింది ఒకటే.

అక్కకు యాభై తొమ్మిది. బ్యాంకులో చేసి రిటైరైంది. కుడి మోకాలు నొప్పి, పూర్తి శాకాహారం, ఎక్సెల్ షీట్ లేనిదే తిరుపతికి కూడా బయల్దేరదు. నేను కొత్తపేటలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. నా పద్ధతి వేరు. బస్సెక్కాక చూసుకుందాం అనే రకం. మే చివర్లో నాకు సెలవులు, అక్కకు ఎప్పుడూ సెలవులే. ప్యాకేజీ టూర్ వద్దని ఇద్దరం ఒప్పుకున్నాం, ఆ ఒక్కదానిమీదే ఒప్పుకున్నాం.

మొదటి బస ముందే చూసుకోక తప్పదు, అక్కడ నా వాదన చెల్లలేదు. వియత్నాం ఈ-వీసా ఫారంలో ఏ ఊళ్లో దిగుతారో, ఎక్కడ ఉంటారో చిరునామా రాయాలి. ఒకసారి వెళ్లొచ్చే వీసాకు 25 డాలర్లు. "ఎక్కడో ఒకచోట ఉంటాంలే అని రాస్తే ఇస్తారా?" అని అక్క వెక్కిరించింది. సరే, హనోయ్‌లో నాలుగు రాత్రులు, ఆ తర్వాత కొండల్లో సాపాలో రెండు రాత్రులు. షీట్‌లో పసుపు రంగు అంటే డబ్బు కట్టేసినట్టు, నీలం అంటే ఫ్రీ క్యాన్సిలేషన్. అకౌంటు కొండాపూర్‌లో ఉండే మా అక్క కొడుకుది, కార్డూ వాడిదే. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

షీట్‌లో లేనిది ఒక్కటే. మేం దిగింది శుక్రవారం రాత్రి. హనోయ్‌లో హోవాన్ కియెం చెరువు చుట్టూ శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా బండ్లు రానివ్వరు. మన ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపి జనాన్ని తిరగనిచ్చేవాళ్లు చూడండి, అలాగ. ట్యాక్సీ అతను బారికేడ్ దగ్గర ఆపి, అటు అని చెయ్యి చూపించాడు. సూట్‌కేసులు ఈడ్చుకుంటూ, బుడగలు ఊదే పిల్లల మధ్యలోంచి, గిటార్లు వాయించేవాళ్ల మధ్యలోంచి పన్నెండు నిమిషాలు నడిచాం. నాకైతే అదే ఈ ప్రయాణంలో మొదటి మంచి విషయం. అక్క మోకాలిని అడిగితే వేరే చెప్తుంది.

ఇక హోటల్. పాత బస్తీలో, చెరువుకు దగ్గర, రాత్రికి మన డబ్బుల్లో రెండు వేల ఆరు వందలు, టిఫినుతో కలిపి. మన దగ్గర గాజులకు లాడ్ బజార్ ఉన్నట్టు అక్కడ వీధికో సరుకు. హాంగ్ బాక్ అంటే వెండి వీధి, హాంగ్ మా అంటే పూజల్లో కాల్చే కాగితపు సామాన్ల వీధి. ఆ వీధుల్లో ఇళ్లన్నీ గొట్టాల్లాంటివి. ముందు వైపు మూడు నాలుగు మీటర్ల వెడల్పు, లోపలికి పోతే అంతే లేదు. అటూ ఇటూ పక్కింటి గోడలే. అంటే కిటికీలు ముందు గదులకూ, చిట్టచివరి గదులకూ ఉంటాయి. నడిమి గదులకు ఎక్కడి నుంచి వస్తాయి? ఆ ఊళ్లో గది చౌకగా ఉందంటే కిటికీ లేదేమో అని ముందే అనుమానించాలి. సైట్‌లో ఫొటో బాల్కనీ ఉన్న గదిది పెట్టారు. మాకు వచ్చిన రకం గది పేజీ కింది దాకా దిగితే, చిన్న అక్షరాల్లో 'కిటికీ లేదు' అని రాసే ఉంది. అక్క తన ప్రింటు తీసి చూసింది. ఆ ముక్క రెండో పేజీలో ఉంది. ఆమె మొదటి పేజీయే ప్రింటు తీసింది.

లిఫ్ట్ నాలుగో అంతస్తు దాకే. గది ఐదులో, టిఫిన్ ఆరులో. ఇది మాత్రం ఎక్కడా రాయలేదు. నా కోపమల్లా దీనిమీదే. లిఫ్ట్ ఉంది అని టిక్కు పెట్టి, ఎంతదాకా ఉందో చెప్పకపోవడం మోసం కాదా? పొద్దున్న రిసెప్షన్ అమ్మాయితో మాట్లాడితే, రాత్రికి ఇంకో రెండు లక్షల డాంగ్‌లకు మూడో అంతస్తులో వీధి వైపు గది ఇచ్చింది. లక్షలంటే కంగారు పడకండి. రూపాయికి సుమారు మూడు వందల డాంగ్‌లు, కాబట్టి ఏడు వందల లోపే. కార్డు గీకితే మెషీన్ 'రూపాయల్లో కడతారా, డాంగ్‌లలో కడతారా' అని అడుగుతుంది. రూపాయలు నొక్కబోతుంటే అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. అలా నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం. డాంగ్‌లలో కట్టినా మన బ్యాంకులు చాలా కార్డుల మీద 3.5 శాతం దాకా మార్కప్, దానిమీద 18 శాతం జీఎస్టీ వేస్తాయి. ముప్పై ఏళ్లు కౌంటర్ వెనక కూర్చున్న మనిషి పక్కనుంటే ఇదీ లాభం.

తిండి గురించి రెండు ముక్కలు. వాళ్లకు 'చాయ్' అంటే శాకాహారం. 'తొయ్ ఆన్ చాయ్' అంటే నేను శాకాహారిని అని. హైదరాబాద్ వాళ్ల నోటికి ఎంత తేలికో చూడండి. కాకపోతే మొదటి రోజు పొద్దున్నే 'చాయ్, చాయ్' అని నేనడిగిన పాపానికి టీకి బదులు టోఫూ వచ్చింది. చాంద్రమానం ప్రకారం నెలలో 1వ రోజు, 15వ రోజు అక్కడ చాలామంది శాకాహారమే తింటారు, మన ఏకాదశి లాగ. మిగతా రోజుల్లో కూరగాయల మీద కూడా చేపల సాస్ పోసేస్తారు, అడిగి తీరాలి. అక్క మోసుకొచ్చిన బుల్లి రైస్ కుక్కర్ ప్లగ్గుకు మూడు లావుపాటి పిన్నులు. గోడకున్న సాకెట్‌లో రెండు పిన్నులే పడతాయి. ఫోన్ ఛార్జర్ పట్టింది, కుక్కర్ పట్టలేదు. అది అలాగే వెళ్లి అలాగే తిరిగొచ్చింది.

సోమవారం తామ్ కోక్ వెళ్లాం. హనోయ్ నుంచి దక్షిణంగా వంద కిలోమీటర్లు. నిన్ బిన్ దాకా రైల్లో రెండుంబావు గంటలు, అక్కడి నుంచి ట్యాక్సీ. అందరూ పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేస్తారు. మా షీట్‌లోనూ అంతే. తామ్ కోక్ అంటే మూడు గుహలు. ఏటి మీద వెళ్లే పడవ ఆ మూడు గుహల కిందుగా పోతుంది. నడిపే మనిషి వెనక్కి జారగిలబడి కాళ్లతో తెడ్లు వేస్తాడు, సైకిల్ తొక్కినట్టు. రెండు వైపులా సున్నపురాతి కొండలు, వాటి పాదాల దగ్గర, నీళ్ల అంచుదాకా పండిన వరి. మే చివర్లో వెళ్తేనే ఆ పసుపు. అక్క ఎకరాకు ఎన్ని బస్తాలని పడవతన్ని తెలుగులో అడిగింది. అతను నవ్వి తల ఊపాడు.

పడవ దిగి ఊళ్లోకి నడుస్తుంటే వాన. మన తొలకరి వాన లాంటిది కాదు, బకెట్‌తో కుమ్మరించినట్టు. ఎదురుగా ఒక ఇల్లు, గేటు మీద 'హోమ్‌స్టే' అని బోర్డు, లోపల అరటి చెట్లు. చూరు కింద నిలబడ్డాం. ఇంటావిడ తువ్వాళ్లు తెచ్చి ఇచ్చింది, అల్లం వేసిన వేడి నీళ్లు ఇచ్చింది. ఏమీ అమ్మజూపలేదు. అరగంట గడిచింది. వాన తగ్గలేదు. అప్పుడు "గది చూద్దామా?" అన్నది నేను కాదు, అక్క.

అక్క గది చూసిన తీరు రాస్తాను, ఎందుకంటే సైట్‌లో ఎంత గాలించినా ఇంతకన్నా తెలియదు. ముందు కిటికీ తెరిచింది. తెరుచుకుంది. బయట అరటి గెల, దాని అవతల బావి. తర్వాత మంచం మీద కూర్చుని అరచేత్తో నొక్కింది. బల్లలాంటి పరుపు. అక్కడ చాలాచోట్ల అంతేనట. నడుముకు మంచిదని మార్కు వేసింది. బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి వేడి నీళ్లు వచ్చేదాకా వేలు పెట్టి ఒకటి, రెండు అని లెక్కపెట్టింది. నలభైలో వచ్చాయి. దోమతెర విప్పి వెలుతురుకు ఎత్తి చిల్లులు వెతికింది. ఒకటి దొరికితే ఇంటావిడకు చూపించింది, ఆవిడ అక్కడే సూదీ దారం తెచ్చి కుట్టింది. గది కింది అంతస్తులోనే, మెట్లు రెండే. మూడున్నర లక్షల డాంగ్‌లు, అంటే పదకొండు వందల డెబ్బై దాకా.

ఇక్కడ పాస్‌పోర్టు లేకపోతే కథ అయిపోయేది. బయటివాళ్లు ఏ చిన్న ఇంట్లో దిగినా వివరాలు పోలీసులకు నమోదు చేయాలి, అందుకు పాస్‌పోర్టు అడుగుతారు. హనోయ్ హోటల్‌లో పాస్‌పోర్టులు కౌంటర్లోనే ఉంచమన్నారు. జిరాక్స్ తీసుకుని వెంటనే ఇచ్చేయమని అక్క పట్టుబట్టింది. ఇప్పుడు ఇంటావిడ అడగ్గానే నడుముకు కట్టుకున్న సంచిలోంచి తీసి ఇచ్చింది. అదే నేనొక్కదాన్నే అయితే అవి వంద కిలోమీటర్ల అవతల డ్రాయర్‌లో ఉండేవి, నేను వానలో తడుస్తూ స్టేషన్‌కు వెళ్లేదాన్ని.

రాత్రి అన్నం, ఉడికించిన తోటకూర లాంటి ఆకుకూర పెట్టారు. అక్క హ్యాండ్‌బ్యాగ్‌లోంచి స్టీలు డబ్బా తీసి కరివేపాకు పొడి కలుపుకుంది. ఇంటావిడ వాసన చూసింది, లోపలికి వెళ్లి ఒక సీసా తెచ్చి పక్కన పెట్టింది. వేయించిన నువ్వులు, వేరుసెనగలు, ఉప్పు కలిపి దంచిన పొడి. అచ్చం మన నువ్వుల పొడే, మిరపకాయ లేదంతే. అక్కడా అన్నంలోకేనట. ఇద్దరూ ఒకరి పొడి ఒకరు కలుపుకుని తింటూ, ఒకరి భాష ఒకరికి రాకుండా, ఫోన్ ట్రాన్స్‌లేటర్ పక్కన పడేసి గంటసేపు మాట్లాడుకున్నారు.

ఎనిమిదింటికి అక్క, "హనోయ్ నుంచి సాపా దాకా ఐదారు గంటలు బస్సులో ఎందుకే, ఇక్కడే ఉందాం" అంది. సాపా షీట్‌లో నీలం రంగు, ఆ రాత్రి పన్నెండు దాకా ఫ్రీ క్యాన్సిలేషన్. కొడుక్కి మెసేజ్ పెట్టింది. వాడు డిన్నర్‌కు బయటికి వెళ్లాడు, ఇంటికొచ్చి పదకొండింటికి తీరిగ్గా క్యాన్సిల్ చేశాడు. మన పదకొండు అంటే వియత్నాంలో పన్నెండున్నర. గడువు లెక్క హోటల్ ఉన్న ఊరి గడియారం ప్రకారం. ఒక రాత్రి డబ్బు, రెండు వేల తొమ్మిది వందలు పోయాయి. ఆ సోమవారం రాత్రి హనోయ్‌లో ఖాళీగా పడి ఉన్న గది అద్దె వేరే. తోచినట్టు తిరగడం చౌక అనేవాళ్లకు ఈ లెక్క చూపించండి.

మరి సామాను? పొద్దున హనోయ్ హోటల్‌కు ఫోన్ చేశాం. రోజూ రాత్రి సూట్‌కేసులు సర్ది తాళం వేసి పడుకోవడం అక్క అలవాటు, రేపే ఊరెళ్తున్నట్టు. దాన్ని నేను ఎన్నోసార్లు ఎగతాళి చేశాను. రిసెప్షన్ అమ్మాయి రెండు సూట్‌కేసులూ నిన్ బిన్ వచ్చే వ్యాన్‌లో ఎక్కించింది. మధ్యాహ్నానికి గేటు దగ్గర ఉన్నాయి. పైన ఒక ప్లాస్టిక్ కవరు, అందులో నేను బాత్‌రూమ్‌లో వదిలేసిన బ్రష్షూ, తలుపు వెనక మరిచిపోయిన చున్నీ, మడతపెట్టి. అందుకే ఆ హోటల్‌కు ఐదుకు మూడు ఇస్తున్నాను. ఒక మార్కు ఆ అమ్మాయిదే. అక్క నాలుగిచ్చింది.

తామ్ కోక్ ఇంటికి నాలుగు. ఒకటి ఎందుకు కోశానంటే, నాలుగింటికే కోడి, అది కూడా ఒకటి కాదు. టిఫిన్‌కు మూడు రోజులూ అరటిపండు దోసెలాంటిదే. జూలైలోనో, వాళ్ల కొత్త సంవత్సరం టెట్ రోజుల్లోనో అయితే మాలాగ చూరు కింద నిలబడితే గది దొరుకుతుందని నమ్మకం పెట్టుకోకండి, ముందే మాట్లాడుకోండి. వెళ్తే బావి వైపు గది అడగండి. రోడ్డు వైపు గదులకు పక్కింటి కరావోకే రాత్రి పదింటిదాకా వినిపిస్తుంది. పాడేవాయనకు శ్రుతి లేదు.