కంప్రెషన్ సాక్సు: తిరుపతి ఎండలో రోజూ వేసుకోవచ్చా?

కాలిని బిగుతుగా పట్టి ఉంచే సాగే సాక్సులే కంప్రెషన్ సాక్సులు. సాయంత్రానికి చీలమండలు ఉబ్బేవాళ్లకు వీటిలో మోకాలి కిందివరకు వచ్చే 20–30 ఎంఎంహెచ్‌జీ (ఒత్తిడి కొలత) రకం బాగా పనిచేస్తుంది. చీలమండ దగ్గర బిగువు ఎక్కువ, పిక్క వైపు పోయేకొద్దీ తక్కువ. తిరుమల కంపార్ట్‌మెంట్లలో గంటలకొద్దీ కూర్చునే రోజున వేసుకున్న తేడా బాగా తెలుస్తుంది.

కొలత తప్పితే డబ్బు దండగే. చెప్పుల సైజు అడిగి ఇచ్చే షాపులో కొనకండి. పొద్దున్నే, వాపు లేనప్పుడు, చీలమండ పైన సన్నటి చోటా, పిక్క లావుగా ఉన్నచోటా టేపుతో కొలిచి డబ్బా మీది పట్టికతో సరిచూసుకోవాలి.

మంచం దిగకముందే తొడగాలి. మడమ వరకు తిరగేసి, పాదం దూర్చి, మడమ గుంట సరిగ్గా కూర్చున్నాకే కొంచెం కొంచెంగా పైకి లాగాలి. పై అంచు మడిచారో, తాడు బిగించినట్టు ఒత్తుకుపోతుంది. మెట్టెలు ఉన్నవాళ్లకు వేళ్లు బయటికి కనపడే రకమే నయం. పట్టీలు మాత్రం తీసేయాల్సిందే.

మే నెలలో చెమటకి దురద పెడుతుంది, అదే పెద్ద లోటు. రెండు జతలు పెట్టుకుని, రోజూ చన్నీళ్లలో ఉతికి నీడలో ఆరేయండి. మిద్దె మీద ఎండలో వేస్తే సాగే గుణం పోతుంది. 6 నెలలకు ఎలాగూ మార్చాలి.

షుగర్‌తో పాదాలు మొద్దుబారినవాళ్లు, కాళ్లకు రక్తప్రసరణ తక్కువున్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా వేయకూడదు. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే సాక్సు జోలికి పోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.