పంచే బొంతలకి పాత చీరలా, టైలర్ ముక్కలా?

విశాఖలోనే పంచేదైతే పాత నూలు చీరల బొంతే మేలు. ఐదున్నర మీటర్ల చీరని మూడు మడతలు వేస్తే సుమారు 1.8 మీటర్ల పొడవు, చీర పన్నా అంత వెడల్పు వస్తుంది. రెండు చీరలకి ఆరు పొరలు, అంతే చాలు. ముందు అంచుల చుట్టూ, మధ్యలోనూ పెద్ద టాకాలు వేసి, తర్వాత నాలుగు వేళ్ల ఎడంలో వరుసలు కుట్టాలి. టాకాలు మానేస్తే పొరలు జారి ఏదో ఒక మూల ఉబ్బుతుంది. చీరని వెలుతురుకి ఎత్తి పట్టి చూడండి. పలచబడ్డ చోటు లోపలి పొరలోకి పోవాలి.

టైలర్ ముక్కలు ఊరికే దొరుకుతాయి, చూపుకీ బాగుంటాయి, కానీ ఒట్టి చాకిరీ. 15 సెంటీమీటర్ల చదరాలు వరుసకి 10 చొప్పున 14 వరుసలు, అంటే 140 కావాలి. కుట్టుకి ప్రతి వైపూ ముప్పావు సెంటీమీటరు పోగా 135కి 189 సెంటీమీటర్లు మిగులుతుంది. నూలూ పాలిస్టరూ కలపొద్దు: మొదటి ఉతుకులో నూలు కుంచించుకుని అతుకుల దగ్గర ముడతలు పడతాయి. ఎర్ర ముక్కల్ని తడిపి తెల్ల గుడ్డకి రుద్దితే రంగు దిగేదీ లేనిదీ తెలిసిపోతుంది. పైగా అడుగు గుడ్డ, మధ్యలో దూది పొర వేరే. సముద్రపు చెమ్మకి దూది వానాకాలంలో ఓ పట్టాన ఆరదు, ముక్కిన వాసన కొడుతుంది. పాడేరు, అరకు చలికి పంపాలంటే మాత్రం ఈ రకమే కుట్టండి.