తలకి దెబ్బ తగిలిన పేషెంట్లకి ‘స్టెమ్ సెల్ ప్యాకేజీ’ అంటే డబ్బు కట్టకండి

మా తమ్ముడికి బైక్ యాక్సిడెంట్‌లో తలకి దెబ్బ తగిలింది. ఇరవై రోజులు ఐసీయూలో ఉన్నాడు. ఇంటికి తెచ్చుకున్నాకే అసలు కష్టం తెలిసింది. గ్లాసు అనబోయి గొడుగు అనేవాడు. తిన్న అరగంటకే "అక్కా, అన్నం పెట్టవా" అని మళ్లీ అడిగేవాడు. చిన్న మాటకే ఊగిపోయేవాడు. మేం అలా ఉన్న రోజుల్లోనే ఒక స్టెమ్ సెల్ సెంటర్ వాళ్లు ఫోన్ చేశారు.

"ఆరు నెలల్లోపే చేయించాలి మేడమ్, దాటితే లాభం లేదు" అన్నారు. మూడు డోసులు, నాలుగున్నర లక్షలు. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, అందులోని స్టెమ్ సెల్స్‌ని, అంటే మూలకణాలను, వెన్నులోకి ఎక్కిస్తే దెబ్బతిన్న మెదడు మళ్లీ పెరుగుతుందని చెప్పారు. అమ్మ గాజులు కుదువ పెట్టి కట్టాం. మొదటి డోసు అయిన రాత్రి వాడు నొప్పికి తల గోడకి ఆనించి తెల్లారేదాకా కూర్చున్నాడు. ఎన్నిసార్లు చేసినా సెంటర్ వాళ్లు ఫోన్ ఎత్తలేదు. పైగా ఫిట్స్ మాత్రలు మెదడుని మొద్దుబారుస్తాయి, ఆపేయమన్నారు. దయచేసి ఈ మాట మాత్రం ఎవరు చెప్పినా వినకండి. ఆ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకి రావచ్చు.

రెండో డోసు తర్వాత వాడి నడక కాస్త కుదురుకుంది. వెంటనే వీడియో తీసుకున్నారు. మేమూ నమ్మేశాం. యాక్సిడెంట్ అప్పుడు ఆపరేషన్ చేసిన డాక్టర్‌గారు చెబితేగానీ విషయం అర్థం కాలేదు. ఇలాంటి దెబ్బల తర్వాత మొదటి ఆరు నెలల్లోనే కోలుకోవడం ఎక్కువగా కనిపిస్తుందట, ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగుతుందట. అంటే ఆ ఆరు నెలల్లో ఏది అమ్మినా పనిచేసినట్టే కనిపిస్తుంది.

దేశంలో వైద్య పరిశోధనల్ని చూసే ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో స్పష్టంగానే ఉంది: రక్త సంబంధ జబ్బులకి చేసే మూలుగ మార్పిడి లాంటివి తప్ప, మిగతా జబ్బులకి స్టెమ్ సెల్స్ ఇవ్వాలంటే క్లినికల్ ట్రయల్‌లోనే (చికిత్స పనిచేస్తుందో లేదో తేల్చే పరిశోధనలోనే) ఇవ్వాలి, దానికి పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఎవరైనా ‘ఇది ట్రయల్’ అని చెబితే సీటీఆర్ఐ (దేశంలో ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ) నంబర్ అడగండి, ఆ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. మేం అడిగితే మాట మార్చారు. జపాన్‌లో అనుమతి వచ్చిందని కూడా చెప్పారు. అక్కడ 2024లో షరతులతో అనుమతి ఇచ్చింది వేరే మందుకి. అది దాతల కణాలతో తయారై, ఆపరేషన్ చేసి నేరుగా మెదడులో పెట్టేది. వెన్నులో ఇచ్చే ఈ ఇంజెక్షన్‌కీ దానికీ సంబంధం లేదు.

నాకు డబ్బు కంటే ఎక్కువ బాధ ఇంకొకటి. చేతిలో పైసా లేక రెండు నెలలు స్పీచ్ థెరపీ మాన్పించాం. వాడికి నిజంగా పనికొస్తున్నది అదే. ఇప్పుడు రోజూ పొద్దున ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటీ చూపించి పేర్లు చెప్పిస్తున్నాను. నిన్న గ్లాసు చూపిస్తే చాలాసేపు ఆలోచించి "గ్లాసు" అన్నాడు.

మూడో డోసు వద్దన్నాం. డబ్బు అడిగితే మేం సంతకం పెట్టిన ఇంగ్లిష్ కాగితం తీశారు. ‘ఫలితానికి గ్యారంటీ లేదు’ అని అందులో ఉంది. మాకు ఎవరూ చదివి వినిపించలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్తున్నాం. మీలో ఎవరైనా ఇప్పటికే కట్టి ఉంటే రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు, వాళ్లు ఇచ్చిన కరపత్రాలు ఏవీ పారేయకండి.