ఇంటి గుట్టు, రాజకీయ హత్య, ఒక ప్రేమ: ఏ నవల ముందు చదవాలి?

ప్రేమకథ ఉండాలి, ఇంట్లో ఎవరూ నోరు విప్పని రహస్యం ఉండాలి, దాని వెనక ఒక రాజకీయ హత్య ఉండాలి. ఇలాంటి నవల కావాలని అడిగినవాళ్లకు నేను రెండు పేర్లు చెబుతుంటాను. ఇసబెల్ అయెందే రాసిన ‘ఆఫ్ లవ్ అండ్ షాడోస్’ (1984), మారియో వర్గాస్ యోసా రాసిన ‘ది ఫీస్ట్ ఆఫ్ ది గోట్’ (2000). రెండూ స్పానిష్ నవలలే, ఇంగ్లీషు అనువాదాలు ఉన్నాయి. పేర్లు చెప్పగానే, ‘రెండింట్లో ముందు ఏది?’ అని మళ్లీ అడుగుతారు.

ప్రేమే ముఖ్యమంటే అయెందేని తీసుకోండి, అందులో సందేహం లేదు. పత్రికలో పనిచేసే ఇరేనేకి సైన్యంలో కెప్టెన్‌తో పెళ్లి కుదిరి ఉంటుంది. ఆమెతో పాటు తిరిగే ఫొటోగ్రాఫర్ ఫ్రాన్సిస్కో. ఊళ్లో మహిమలు చూపిస్తోందంటున్న ఒక అమ్మాయి మాయమైతే, వెతుక్కుంటూ వెళ్లిన ఈ ఇద్దరికీ మూసేసిన గనిలో శవాలు కనిపిస్తాయి. దేశం పేరు నవలలో ఎక్కడా లేదు గానీ, అది చిలీయే. అక్కడ 1973 సైనిక తిరుగుబాటు తర్వాత పట్టుకుపోయిన 15 మంది అవశేషాలు 1978లో లోంకెన్ దగ్గర పాత సున్నపు బట్టీల్లో బయటపడ్డాయి. కథకు మూలం ఆ ఘటనే.

ఇందులో ఇంటి గుట్టు కూడా బాగుంటుంది. ఇద్దరు పసిపాపలు ఆసుపత్రిలో తారుమారవుతారు. తల్లి గుర్తుపట్టి గొడవపడినా ఆసుపత్రివాళ్లు ఒప్పుకోరు. నోరు మూసుకుని పరాయి బిడ్డను పెంచుకోవాల్సి వస్తుంది. అయితే ఈ గుట్టు మనకు త్వరగానే తెలిసిపోతుంది. గని తలుపు తెరిచాక మిగిలిన టెన్షన్ ఒక్కటే, ఈ జంట ప్రాణాలతో బయటపడుతుందా లేదా అన్నది. శవాన్ని చూసిన రాత్రే వాళ్లిద్దరూ ఒకటవడం నాకు మాత్రం కాస్త తొందరనిపించింది.

సస్పెన్స్ నవలను నేను తూచేది ఒకే రాయితో. హత్య జరిగిపోయాక కూడా పేజీ తిప్పించే శక్తి దానికి ఉందా? యోసా నవలలో చచ్చేదెవరో మొదటే తెలుసు. డొమినికన్ రిపబ్లిక్‌ని 31 ఏళ్లు గుప్పిట్లో పెట్టుకున్న నియంత త్రుహీయో 1961 మే 30 రాత్రి దారికాచి చేసిన దాడిలో హతమయ్యాడు, అది చరిత్ర. నవలలో ఆ కాల్పులు సగంలోనే అయిపోతాయి. అయినా పుస్తకం కింద పెట్టలేం. కారణం ఉరానియా. పద్నాలుగేళ్లప్పుడు దేశం వదిలి, న్యూయార్క్‌లో లాయరై, 35 ఏళ్ల తర్వాత తండ్రి ఇంటికి వస్తుంది. ఒకప్పుడు నియంతకు కుడిభుజంగా ఉన్న ఆ పెద్దమనిషి పక్షవాతంతో మాట పడిపోయి కుర్చీలో ఉంటాడు. రాసిన ఉత్తరాలకు ఇన్నేళ్లూ జవాబెందుకు ఇవ్వలేదని మేనత్త నిలదీస్తుంది. ఉరానియా చెప్పదు, చెప్పదు... చివరి అధ్యాయంలో చెబుతుంది. ఏం చెప్పిందో నేను రాయను.

ప్రేమ ఇందులో లేదనుకోకండి. ‘అమాదితో’ అనే లెఫ్టినెంట్ తను ప్రేమించిన పిల్లను పెళ్లాడాలంటే నియంత అనుమతి కావాలి. పిల్ల అన్న కమ్యూనిస్టు కాబట్టి కుదరదంటాడు. కుర్రాడు తలవంచి ఆమెను వదులుకుంటాడు. తర్వాత విధేయత నిరూపించుకోమని ఒక ఖైదీని కాల్పిస్తారు. ఆ ఖైదీ ఆ పిల్ల అన్నేనని పై అధికారి తాపీగా చెబుతాడు. నియంత కోసం దారికాచిన కారులో ఆ కుర్రాడు ఎందుకున్నాడో ఇక వేరే చెప్పక్కర్లేదు. ఇరేనే, ఫ్రాన్సిస్కోల కథంతా కలిపినా నాకు ఈ ఒక్క అధ్యాయానికి సరితూగదు.

జాన్ లె కారే ‘ది కాన్‌స్టంట్ గార్డెనర్’ (2001) సంగతేమిటని కొందరు అడిగారు. భార్య హత్య వెనక మందుల కంపెనీ, కెన్యాలో బ్రిటిష్ దౌత్యవేత్తలు. బాగుంటుంది, కానీ గుట్టు ఇంటిది కాదు, ఆఫీసులది. మూడోదిగా చదవొచ్చు.

యోసాతో మొదలుపెట్టేవాళ్లకు రెండు మాటలు. అధ్యాయాలు ఉరానియా, నియంత, కాపుకాసినవాళ్ల మధ్య మారుతుంటాయి. పేర్లు కలగాపులగమవుతాయి, కాగితం మీద రాసుకుంటే నయం. హత్య తర్వాత చిత్రహింసల భాగాలు చాలా ఘోరంగా ఉంటాయి. తట్టుకోలేనివాళ్లు ఆ పేజీలు దాటేసి ఉరానియా దగ్గరికి వెళ్లిపోవచ్చు, ఆమె కథ తెగదు.