టోక్యోలో మా మకాం నిషికసాయి

టోక్యో వెళ్తున్నామంటే తెలిసినవాళ్ళందరూ షింజుకులోనో అసాకుసాలోనో గది తీసుకోమన్నారు. మేము నిషికసాయిలో తీసుకున్నాం. నగరానికి తూర్పు కొసన, ఎదొగావా వార్డులో ఉన్న మెట్రో స్టేషన్ అది. పొద్దున ఆఫీసులకు వెళ్ళి రాత్రికి ఇల్లు చేరేవాళ్ళ స్టేషన్. దిగగానే ఫొటో తీసుకోవాలనిపించే గుడీ గోపురం ఏమీ లేవు. మాకు కావలసింది వేరు. మాతో వచ్చిన అత్తగారు కోడిగుడ్డు కూడా ముట్టరు, మోకాళ్ళ నొప్పులు, పైగా రెండు పూటలా అన్నం ఉండాలి. ఇలాంటి పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళేవారి కోసమే ఇది రాస్తున్నాను. ఒంటరిగానో స్నేహితులతోనో వెళ్ళి అర్ధరాత్రి దాకా తిరిగేవాళ్ళకు ఈ చోటు నచ్చదని ముందే చెప్పేస్తున్నాను.

రావడం తేలికే. నరితా విమానాశ్రయం నుంచైనా హనేదా నుంచైనా అసాకుసా లైన్‌లోకి నేరుగా వచ్చే రైళ్ళున్నాయి. నిహోంబషిలో దిగి తోజాయి లైన్‌కు మారితే చాలు. ఆ లైన్ గుర్తు లేత నీలం రంగు, నిషికసాయి నంబరు టి-16. జపనీస్ అక్షరాలు చదవలేనివాళ్ళకు ఈ రంగూ నంబరే ఆధారం. నిహోంబషి నుంచి గానీ, దాని పక్కనున్న ఓతెమాచి నుంచి గానీ టికెట్టు 210 యెన్లు, పావుగంట ప్రయాణం. జపాన్ రైల్వేల జేఆర్ పాస్ కొన్నవాళ్ళు గమనించాలి, అది ఈ మెట్రోలో చెల్లదు. సుయికా లేదా పాస్మో కార్డులో డబ్బు వేసుకుంటే గేటు దగ్గర తాకించి వెళ్ళిపోవచ్చు. ఆరేళ్ళ లోపు పిల్లలకు టికెట్టు అక్కర్లేదు, ఆపైన పన్నెండేళ్ళ లోపు వారికి సగం ధర.

ఒక్క చిక్కుంది. తోజాయి లైన్‌లో ‘రాపిడ్’ అని రాసి ఉన్న రైళ్ళు తోయోచో దాటాక ఎక్కడా ఆగకుండా ఉరయాసుకు పోతాయి. మన స్టేషన్ కళ్ళ ముందే వెళ్ళిపోతుంది. అక్కడ దిగి, ఎదురు రైలెక్కి రెండు స్టేషన్లు వెనక్కి రావాలి. అందుకని ‘లోకల్’ అన్న మాట చూసుకునే ఎక్కాలి. మరో సంగతి, ఈ చుట్టుపక్కల కసాయి పేరుతో మూడు స్టేషన్లున్నాయి. నిషికసాయి, దాని పక్కనే కసాయి, సముద్రం వైపు వేరే లైన్ మీద కసాయి-రింకాయ్-కోయెన్. హోటల్ బుక్ చేసేటప్పుడు చిరునామాలో ఏది ఉందో చూడండి.

సొరంగంలో వచ్చే రైలు మినామి-సునామాచి దాటగానే వెలుతురులోకి వస్తుంది. వెంటనే అరకావా, నకగావా నదుల మీది పొడవైన వంతెన. నిలబడి ఫోన్లలో తలలు దూర్చినవాళ్ళు కూడా ఇక్కడ ఒక్కసారి కిటికీ వైపు చూస్తారు. అందమైన చోటే కానీ గాలి ధాటికి గురయ్యేదీ ఇదే. 1978 ఫిబ్రవరిలో సుడిగాలికి ఈ వంతెన మీదే రైలు పెట్టెలు పక్కకు ఒరిగిపోయాయి, ప్రయాణికులు గాయపడ్డారు. తుపాను రోజుల్లో ఈ మార్గంలో రైళ్ళు నెమ్మదించినా, ఆపేసినా విసుక్కోకండి. సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్ళేవాళ్ళు విమానం రోజున ఒక పూట అదనంగా చేతిలో ఉంచుకోవడం మంచిది.

ఈ లైన్ ఇటువైపు వచ్చింది 1969లో. అప్పుడు నిషికసాయి స్టేషనే లేదు, 1979లో కట్టారు. అంతకుముందు ఈ కసాయి ప్రాంతమంతా సముద్రపు అంచు. 1960ల దాకా ఇక్కడి జనం చేపలు పట్టి, నోరి అనే సముద్రపు నాచు పెంచి బతికారు. తర్వాత సముద్రాన్ని పూడ్చి, వీధులు గీసి, అపార్ట్‌మెంట్లు కట్టారు. అందుకే వీధులు వెడల్పుగా, తిన్నగా ఉంటాయి. కాలిబాట మీద అత్తగారి చక్రాల కుర్చీ ఎక్కడా ఆగలేదు. పాత టోక్యోలో ఈ సుఖం లేదు.

స్టేషన్ రెండంతస్తులే. పైన ప్లాట్‌ఫారాలు, కింద గేట్లు. గేటు దాటగానే ఉత్తరం వైపూ దక్షిణం వైపూ చెరొక దారి. పట్టాల కిందనున్న జాగాను కూడా వదలకుండా వరసగా దుకాణాలు పెట్టారు. మరుగుదొడ్లు గేటు లోపల ఉన్నాయి, డబ్బు కట్టనక్కర్లేదు, శుభ్రంగా ఉంటాయి. లిఫ్టు ఉంది. రైలు ప్లాట్‌ఫారాలు రెండూ రెండు పక్కల ఉంటాయి కనుక ఎటు వెళ్ళాలో కిందనే తేల్చుకుని మెట్లెక్కాలి. మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఒకసారి ఎక్కాక మళ్ళీ దిగడమంటే మాటలా?

ఇక్కడి సేవ గురించి చెప్పాలంటే చక్రాల కుర్చీ సంగతే చెప్పాలి. గేటు దగ్గర ఉద్యోగికి ఎక్కడికి వెళ్తున్నామో కార్డు మీద రాసి చూపించాం. ఆయన ఫోనులో ఎవరితోనో మాట్లాడి, మడత పెట్టే పలక ఒకటి చంకన పెట్టుకుని మాతో పైకి వచ్చాడు. ఏ పెట్టె ఏ తలుపు దగ్గర ఆగుతుందో అక్కడే నిలబెట్టాడు. రైలు ఆగగానే పలక పరిచాడు, కుర్చీ లోపలికి వెళ్ళింది, పలక తీశాడు, తలవంచి నమస్కరించాడు. ఓతెమాచిలో తలుపు తెరుచుకునేసరికి సరిగ్గా ఆ తలుపు ముందే మరో ఉద్యోగి పలకతో సిద్ధంగా ఉన్నాడు. ఇందాకటి ఫోను ఆయనకేనన్నమాట. అత్తగారికి అది ఎంత నచ్చిందంటే, ఆ రోజు చూసిన చక్రవర్తి కోట తోట గురించి ఒక్క మాట కూడా ఇంటికి ఫోన్ చేసి చెప్పలేదు. ఈ పలక కథే అందరికీ చెప్పారు. ముందుగా బుక్ చేయనక్కర్లేదు, రుసుమేమీ లేదు. కాకపోతే అవతలి స్టేషన్‌కు కబురు అందేదాకా ఒకటి రెండు రైళ్ళు వదిలేయాల్సి రావచ్చు.

పొద్దుటి రద్దీ మాత్రం వేరే లోకం. కరోనాకు ముందు టోక్యోలో అత్యంత కిక్కిరిసిన మార్గం ఇదే. ఈ లైన్‌లోని కీబా, మోంజెన్-నకాచో స్టేషన్ల మధ్య 199 శాతం అని ప్రభుత్వ లెక్క. వాళ్ళ కొలమానంలో 200 శాతమంటే ఒంటికి ఒళ్ళు ఒత్తుకుంటూ, ఎలాగోలా వారపత్రిక మాత్రం చదువుకోగలిగే స్థితి. రద్దీని పత్రికలతో కొలిచే దేశాన్ని మరెక్కడా చూడలేదు. ఇప్పుడు అంత లేదు గానీ ఏడున్నరకూ తొమ్మిదికీ మధ్య పెద్దవాళ్ళతో నగరం వైపు వెళ్ళే ఆలోచన పెట్టుకోకండి. ఆ వేళల్లో మహిళలకు ఒక ప్రత్యేక పెట్టె ఉంటుంది, అదీ నిండుగానే పోతుంది. ఒకసారి ప్లాట్‌ఫారం మీద పక్కకు నిలబడి ఊరికే చూశాను. తలుపు దగ్గర గీసిన గీతల వెంట వరసలు, రైలు రాగానే దిగేవాళ్ళకు దారి, ఆ తర్వాత వీపు ముందుగా పెట్టి లోపలికి ఒదిగిపోవడం. అంతమందిలో ఒక్క గొంతూ వినబడలేదు. రైలు అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఆఫీసులో చూపించుకోవడానికి గేటు దగ్గర చీటీ ఇస్తారు!

తిండి విషయానికి వస్తే, మేము ఇక్కడ దిగడానికి అసలు కారణం అదే. స్టేషన్ చుట్టూ నడిచే దూరంలో భారతీయ సరుకుల దుకాణాలు, దక్షిణాది భోజనం పెట్టే హోటళ్ళు ఉన్నాయి. కందిపప్పు, చింతపండు, ఇడ్లీ రవ్వ, శీతల పెట్టెలో కరివేపాకు. ధరలు మన ఊళ్ళోకంటే బాగా ఎక్కువ, ముఖ్యంగా కరివేపాకు. దుకాణంలో అత్తగారు పచ్చళ్ళ సీసాలు తిప్పి చూస్తుంటే పక్కన ఒక అమ్మాయి, “అది బాగా కారంగా ఉంటుందండీ, ఇది తీసుకోండి” అంది. అంతే, ఆవిడ సీసా వదిలేసి “మీది ఏ ఊరమ్మా?” అని మొదలుపెట్టారు. ఖమ్మమట. తర్వాత అరగంట నేను సంచీ పట్టుకుని నిలబడ్డాను.

ఆ అమ్మాయే చెప్పిన చిట్కా, కొమత్సునా అనే ఆకుకూర. పుట్టినిల్లు ఈ ఎదొగావా వార్డే, కొమత్సుగావా అనే చోటి పేరే దానికి వచ్చింది. ఏ కూరగాయల దుకాణంలోనైనా దొరుకుతుంది. కాడలు కాస్త గట్టిగా ఉంటాయి గానీ కందిపప్పులో వేసి ఉడికించి, వెల్లుల్లి తాలింపు పెడితే తోటకూర పప్పు తిన్నట్టే ఉంటుందట. వంటగది ఉన్న బస తీసుకుంటే ఈ సౌకర్యం కలుగుతుంది.

శాకాహారులకు ఒక హెచ్చరిక. స్టేషన్ల దగ్గరుండే ఉదోన్, సోబా అనే నూడుల్స్ దుకాణాల్లో గిన్నె మీద కూరగాయలే కనిపించినా, అడుగున ఉన్న పులుసు మామూలుగా ఎండుచేపతో కాచినదే. ‘మాంసం లేదు’ అని వాళ్ళు నిజమే చెబుతారు, చేప వాళ్ళ లెక్కలోకి రాదు. ‘దాషి’, అంటే పులుసులో వేసే ఆ సారం, ఉందా అని అడగండి. అనుమానముంటే కొన్బు అనే నాచు రుచి పెట్టిన అన్నపు ముద్ద కొనుక్కోవచ్చు గానీ దానిలోనూ చేపసారం కలపడం కద్దు. మా అత్తగారికి ఉప్పు అన్నపు ముద్ద, అరటిపండు, పెరుగు డబ్బాలే దారి భోజనం అయ్యాయి.

ఇంతమంది మనవాళ్ళు ఇక్కడే ఎందుకు చేరారంటే, 2000 సంవత్సరం దగ్గర పడుతున్నప్పుడు కంప్యూటర్ల తేదీల గండం గట్టెక్కించడానికి వచ్చిన ఇంజినీర్లతో మొదలైంది. బ్యాంకులు, ఆర్థిక సంస్థలు ఉన్న కయాబాచో, ఓతెమాచిలకు ఇక్కడినుంచి మారకుండా ఒకే రైలు. రెండో కారణం ఇల్లు. టోక్యోలో విదేశీయులకు అద్దె ఇల్లు దొరకడం కష్టం, పూచీ ఇచ్చేవాళ్ళు కావాలి, యజమానికి తిరిగిరాని ‘కృతజ్ఞతా సొమ్ము’ చెల్లించాలి. యూఆర్ అనే ప్రభుత్వ గృహసంస్థ ఇళ్ళకు ఆ రెండూ అక్కర్లేదు. స్టేషన్‌కు దక్షిణంగా ఉన్న కొజిమాచో రెండో బ్లాకు కాలనీ అలాంటిదే. సాయంత్రం ఆ వైపు నడిస్తే చెట్ల కింద బల్లల మీద మన అమ్మమ్మలూ తాతయ్యలూ, మనవళ్ళ సైకిళ్ళ వెనక పరుగులు. భారతీయ పాఠశాల వచ్చింది, దీపావళి ఉత్సవం చేస్తున్నారు. వార్డులో మనవాళ్ళు అయిదు వేలకు పైనే. పుణె నుంచి వచ్చిన యోగేంద్ర పురాణిక్ 2019లో ఈ వార్డు సభకే ఎన్నికయ్యారు. అయినా ‘చిన్న భారతదేశం’ అని విని బేగంబజారులాంటిది ఊహించుకుని వస్తే నిరాశే. ఇది నూటికి తొంభై పాళ్ళు మామూలు జపాన్ పేట, మధ్యమధ్య మన బోర్డులు కనిపిస్తాయి, అంతే.

బస సంగతి. మేము దిగిన వ్యాపారస్తుల హోటల్ గది ఎంత చిన్నదంటే, రెండు పెట్టెలు ఒకేసారి తెరవలేం. శుభ్రతకు వంక పెట్టలేం. కానీ మధ్యాహ్నం మూడుకు ముందు గది ఇవ్వరు, రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన పెద్దావిడను చూసినా కనికరించలేదు, పెట్టెలు మాత్రం దాచిపెట్టారు. అసాకుసాతో పోలిస్తే అద్దె తక్కువ, రాత్రి నిశ్శబ్దం ఎక్కువ. అసాకుసాలో దిగితే సెన్సోజీ గుడి పొద్దున్నే జనం లేనప్పుడు చూడొచ్చు, ఆ భాగ్యం ఇక్కడ లేదు. షింజుకు వైపు తిరుగుళ్ళు ఎక్కువగా ఉన్నవాళ్ళకు ఇది దూరాభారం. కుదాన్‌షితాలో ఉన్న మన రాయబార కార్యాలయానికి మాత్రం ఇదే లైన్‌లో నేరుగా వెళ్ళవచ్చు. పాస్‌పోర్టు పోగొట్టుకున్నవాళ్ళకు ఆ విలువ తెలుస్తుంది.

ఖాళీ పూట ఉంటే ఉత్తరం వైపు పావుగంట నడిస్తే గ్యోసెన్ పార్కు. లోపల చిన్న జంతుప్రదర్శనశాల, ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు. ఎర్ర పాండాలు, పెంగ్విన్లు ఉన్నాయి. పక్కనే కొలను చుట్టూ జపనీస్ తోట. మా బాబుకు మాత్రం పక్క స్టేషన్ కసాయిలోని మెట్రో మ్యూజియం నచ్చింది. అదీ పట్టాల కిందే. పెద్దలకు 220 యెన్లు, సోమవారం మూసి ఉంటుంది. 1927లో ఉయేనో, అసాకుసాల మధ్య ఆసియాలోనే మొదటి భూగర్భ రైలుగా నడిచిన పసుపుపచ్చ పెట్టె అక్కడ ఉంది. రైలు నడిపినట్టు అనిపించే యంత్రాల దగ్గర పిల్లలకంటే తండ్రుల వరసే పెద్దది. కసాయి నుంచే రింకాయ్ పార్కుకు బస్సు, 210 యెన్లు, ముందు తలుపులో ఎక్కుతూనే చెల్లించాలి. అక్కడి ఆక్వేరియంలో ట్యూనా చేపలు తిరిగే పెద్ద తొట్టి చూడదగ్గది, అది బుధవారం సెలవు.

ఈ ప్రాంతం చాలా పల్లం. 2019లో ఎదొగావా వార్డువారు ఇంటింటికీ ఇచ్చిన వరద పటం అట్ట మీద ‘ఇక్కడ ఉండకూడదు’ అని తమ వార్డు గురించే రాసుకున్నారు. పెద్ద తుపాను వస్తుందని రెండు రోజుల ముందు హెచ్చరిక వస్తే బస మార్చుకోవడమే నయం.

తిరుగు ప్రయాణం పొద్దున విమానానికైతే పెట్టెలతో రద్దీ వేళ ఈ స్టేషన్‌కు రావద్దు. ఆరున్నరలోగా ఎక్కేయండి, లేదా టాక్సీ ఖర్చుకు సిద్ధపడండి. మాది సాయంత్రం విమానం. పదిగంటల తర్వాత వెళ్తే కూర్చోవడానికి చోటు దొరికింది, పెట్టెలకూ దొరికింది.